మాటలేని యంత్రం

మాదన్నపేట పేరు వినగానే హైదరాబాదు పాతబస్తీ ఎరిగినవారికి కూరగాయల మండీ గుర్తుకు వస్తుంది. మాదన్న గుర్తుకు వచ్చేది చాల కొద్దిమందికి. గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానాషా కొలువులో ఆయన ప్రధాని. సోదరుడు అక్కన్నతో కలిసి రాజ్యభారం వహించినాడు. 1686లో ఇద్దరూ హత్యకు గురైనారు. మరుసటి యేడు గోలకొండ మొగలుల వశమైనది. ఆ ప్రధాని పేరుమీదనే పేట వెలసినదని ప్రతీతి. ఆయన కాలపు పరిపాలనలో ఒక విశేషం వున్నది. కుతుబ్‌షాహీల చివరి దశలో రాజాజ్ఞలు ఫారసీతోపాటు తెలుగులో కూడ వెలువడినవి. రైతుకూ కరణానికీ తెలియని భాషలో ఆజ్ఞ ఇస్తే శిస్తు రాలదని పాలకులు గ్రహించి వుంటారు. అవసరం నేర్పిన భాషాభిమానమే కావచ్చు. అయినా ఆ మేరకు అది నిజమైన అభిమానమే.

మూడువందల నలభై యేండ్ల తరువాత, అదే మాదన్న పేరు మోస్తున్న పేటలో, తెలుగులో కాగితం పెట్టుకొంటే స్వీకరించని సర్కారు కార్యాలయం ఒకటి వున్నదని చెబితే చాలమందికి ఆశ్చర్యం కలుగదు. అటువంటివి ఎన్నో వున్నవి. కాని ఈ కార్యాలయం సంగతి ప్రత్యేకమైనది. అది పేటెంటు కార్యాలయం. అక్కడికి మనిషి తీసుకొనిపోయేది తన బుద్ధిలో పుట్టిన వస్తువును. దానిని పరాయి మాటలలో చెప్పవలసి రావడంవల్ల కలిగే నష్టం, అర్జీని పరాయి భాషలో వ్రాయించుకొన్నందువల్ల కలిగే నష్టంవంటిది కాదు.

విషయం స్పష్టం కావడానికి ఒక మెకానిక్కును ఊహించుకొందాం. మాదన్నపేట, సైదాబాదు, ఈదిబజారు, యాకుత్‌పురా సందులలో అటువంటివారికి కొదువలేదు. కాలిపోయిన మోటారుకు తీగ తిరిగి చుట్టేవారు, కుట్టుమిషనుకు అరిగిన భాగం మార్చేవారు, కూలరుకు కొత్త పంపు అమర్చేవారు, విరిగిన గేటును వెల్డింగుతో అతికేవారు. పానా ఒకచేత, టెస్టరు ఒకచేత పట్టుకొని పెరిగినవారు. వారిలో ఒకడు మండీనుంచి సరుకు మోసే తోపుడుబండ్లను రోజూ చూస్తాడు. వాలులో బండి నిలిపి, చక్రం కింద రాయి పెట్టి, గిరాకీ వచ్చినప్పుడల్లా వంగి ఆ రాయి తీసి, మళ్ళీ పెట్టుకొనే ముసలివాని అవస్థ చూస్తాడు. ఒకనాడు తన కొట్టులో వున్న స్ప్రింగులు, రబ్బరు దిమ్మెలు తీసుకొని, పిడి వదలగానే చక్రాలను తానే ఒత్తిపట్టే ఏర్పాటు ఒకటి తయారు చేస్తాడు. అది పనిచేస్తుంది. నెల తిరిగేసరికి నలుగురు బండ్లవారు అటువంటిదే కావాలంటారు. ఆరునెలలు తిరిగేసరికి మరొక పేటలో మరొకడు అచ్చంగా దానినే చేసి అమ్ముతుంటాడు.

ఇటువంటి చిన్న వస్తువుకు పేటెంటు ఏమిటని నవ్వవలసిన పనిలేదు. పేటెంటు అనగానే రాకెట్లు, రసాయనాలు తలచుకోవడం మన చదువుకొన్నవారి అలవాటు. చట్టం ఆ మాట అనలేదు. 1970నాటి భారత పేటెంట్ల చట్టం అడిగేవి మూడు: వస్తువుగాని, దానిని చేసే విధానంగాని కొత్తది కావాలి, ఆ విద్య తెలిసినవానికి కూడ ఇట్టే తోచనిదై వుండాలి, పరిశ్రమలో ఉపయోగపడాలి. పరిమాణం, ఖరీదు, చేసినవాని చదువు ప్రసక్తిలోకి రావు. అసలు మన దేశంలో ఈ సంప్రదాయం ప్రారంభమైనదే ఇంటివాడుక వస్తువుతో. కలకత్తాలో జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఇంజనీరు 1856 మార్చి 3వ తేదీన ప్రత్యేకహక్కు కోరుతూ పెట్టుకొన్న దరఖాస్తు మొట్టమొదటిది. ఆ యంత్రం ఏమిటి? పంకా లాగే యంత్రం! దొరగారి నెత్తిన వ్రేలాడే గుడ్డపంకాను వరండాలో కూర్చొని తాడుతో లాగే మనిషికి బదులు చేసినది. ఆ తరువాత ముప్పది యేండ్లకు అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఆయన కుట్టుమిషనుకు వాడే విద్యుత్ మోటారును ఇంటికప్పుకు తగిలించి, దానికి రెక్కలు అమర్చి, పేటెంటు పొందినాడు. నేడు ప్రతి ఇంటిలో తిరిగే సీలింగుఫ్యాను వంశం అది. పంకావాని ఉద్యోగం పోయినది యంత్రంచేత కాదు, ఈ ఫ్యానుచేత.

పేటెంటు అంటే రాజ్యానికీ పౌరునికీ నడుమ ఒక బేరం. నీవు కనుగొన్నది దాచుకోక లోకానికి విప్పి చెప్పు. దరఖాస్తు చేసిన తేదీనుంచి 20 యేండ్లు నీ అనుమతి లేక దానిని ఇతరులు చేయకుండా, అమ్మకుండా చూస్తాను. గడువు తీరిన తరువాత అది అందరిదీ. ఇంతే. ఈ బేరంలో మెకానిక్కు ఇచ్చేది యంత్రం కాదనే సంగతి గమనించాలి. మామూలుగా అక్కడ యంత్రాన్ని ఎవరూ చూడరు. చూసేది కాగితాన్ని. వివరణపత్రం అనే పేరుతో వస్తువు నిర్మాణం, అది పనిచేసే తీరు వ్రాయాలి. చివర, ఇందులో నాది అని నేను చెప్పుకొనేది ఇంతమేరకు అని హద్దులు గీస్తూ కొన్ని వాక్యాలు వ్రాయాలి. పొలానికి గట్లు ఎటువంటివో ఈ హక్కువాక్యాలు పేటెంటుకు అటువంటివి. తగాదా వచ్చినప్పుడు న్యాయస్థానం కొలిచేది ఆ గట్లనే. కనుక పేటెంటు యంత్రానికి ఇస్తారనడం కంటె, యంత్రాన్ని గురించిన వాక్యానికి ఇస్తారనడమే సత్యానికి దగ్గర.

మన మెకానిక్కు బండినే తీసుకొందాం. "తోపుడుబండి చక్రానికి రబ్బరు దిమ్మె, ఇనుప స్ప్రింగు అమర్చిన బ్రేకు" అని వ్రాసినాడనుకోండి. పొరుగువాడు రబ్బరుకు బదులు నైలాను దిమ్మె పెట్టి, అది వేరు, ఇది వేరు అంటాడు. "బండిని ఆపే సాధనం" అని వ్రాసినాడనుకోండి. పరీక్షకుడు ఒప్పుకోడు, బండిని ఆపే సాధనాలు ఎద్దుబండి కాలంనుంచీ వున్నవి. విమానాశ్రయాలలో సామాను తోసే బండ్లకు పిడి వదలగానే పట్టుకొనే బ్రేకులు కూడ వున్నవి. మరి నీది వాటికంటె దేనిలో వేరు? ఇరుకైన మాట వ్రాస్తే పొలం పోతుంది, వెడల్పైన మాట వ్రాస్తే పట్టాయే రాదు. సరిగ్గా సరిపోయే మాట కావాలి. "నాలుగు చక్రాలూ తోసే పిడీ గల బండిలో, పిడిని అదిమి వుంచినంతసేపు వెనుక చక్రాలకు ఎడంగా నిలిచి, పిడిని వదలినంతనే స్ప్రింగు బలంచేత ఆ చక్రాలను ఒత్తిపట్టే దిమ్మెలు, బండిపై బరువు పెరిగినకొలది ఆ ఒత్తిడి పెరిగే విధంగా దిమ్మెలను బండి పలకకు తగిలించిన తులాదండం." విమానాశ్రయపు బండికి లేనిది, మండీ బండికి కావలసినది ఆ చివరి భాగంలో వున్నది. ఈ వాక్యంలో ఆంగ్లపదం ఒక్క స్ప్రింగు మాత్రమే; దానినీ తెలుగువారు తమదిగా చేసుకొని తరాలైనది. ఇంత పనీ తెలుగు చేయగలదు. చేయనిచ్చేవారు లేరు.

కాగితం మీద మాట పెట్టకపోవడంవల్ల ఎంత పోతుందో పాతబస్తీలో ప్రతి సందులోనూ టకటకలాడే కుట్టుమిషను చరిత్రే చెబుతుంది. సూదికి మొన దగ్గర బెజ్జం, కింద మరొక దారం, రెండూ కలిసి పడే ముడికుట్టు. ఈ ఏర్పాటును న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన 1830ల తొలినాళ్ళలో తయారు చేసినాడు. పేటెంటు తీసుకోలేదు. చేతికుట్టుతో బ్రతికే పేద స్త్రీల పని పోతుందని కుమార్తె వారించినదట, నిజమెంతో చెప్పలేం. 1846లో ఎలియాస్ హోవ్ అటువంటి యంత్రానికే పేటెంటు పొందినాడు. తరువాత ఐజాక్ సింగరు మిషన్లు విరివిగా అమ్మసాగినాడు. హోవ్ దావా వేసినాడు. అప్పుడు హంట్‌గారి పాత యంత్రాన్ని వెదకి తెచ్చినారు. హంట్ ముందు చేసిన మాట వాస్తవమే అని పేటెంటు కార్యాలయం ఒప్పుకొన్నది. కాని ఇన్నేండ్లు దానిని వదలివేసినందున హక్కు లేదన్నది. 1854లో హోవ్ గెలిచినాడు. సింగరు అంతటివాడు అతనికి పైకం కట్టవలసి వచ్చినది. ఈ హంటే 1849లో పిన్నీసుకు పేటెంటు తీసుకొని, దానిని 400 డాలర్లకు అమ్మివేసినాడు. అంతకంటె పెద్ద యంత్రానికి ఆ 400 డాలర్లు కూడ దక్కలేదు. చేసినవానికీ చెప్పినవానికీ వచ్చిన తగాదాలో చెప్పినవాడే గెలుస్తాడు. న్యాయమా అంటే, ఈ చట్టం లక్ష్యమే చెప్పించడం గనుక, న్యాయమే అనవలసి వస్తుంది.

అమెరికా కథ అమెరికాది. మన ఇంటి కథ ఒకటి వున్నది. చింతకింది మల్లేశంగారిది ఆలేరు దగ్గర శారాజీపేట. నాటి నల్లగొండ, 2016నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. పోచంపల్లి పద్ధతిలో చీరెలు నేసే ఇల్లు. ఆ నేతలో నూలుకు రంగు అద్దకముందు ఆసు పోయడం అనే పని ఒకటి వున్నది. ఒకవైపు ఒంటి మేకు, ఎదుట విల్లువలె వంగిన చట్రం మీద వరుసగా మేకులు. ఒంటి మేకునుంచి దారాన్ని తీసుకొనిపోయి ఎదుటి మేకుకు చుట్టి తిరిగి తేవాలి, మళ్ళీ తీసుకొనిపోవాలి. ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 సార్లు అటూయిటూ ఆడాలి. రోజుకు రెండు చీరెలంటే 18,000 సార్లు. ఈ పని ఇంటి ఆడవారిది. చీరెకు నాలుగైదు గంటలు పట్టేది. భుజాలు, మోచేతులు పట్టుకుపోయేవి. కొడుకు చూసినది తల్లి లక్ష్మమ్మ భుజాన్ని.

ఆయన చదువు ఆరవ తరగతితో ఆగిపోయినది. 1992లో ఈ పనికి యంత్రం చేయాలని పూనుకొన్నాడు. చేసిన కొద్దీ డబ్బు పోయినది. ఊరు నవ్వినది. నగరానికి వచ్చి విద్యుత్ పని చేసుకొంటూ, సంపాదించినదంతా యంత్రానికే పెట్టినాడు. దారాన్ని అటూయిటూ త్రిప్పడం కుదిరినది; ఒక మేకు పూర్తికాగానే ప్రక్క మేకుకు జరగడం కుదరలేదు. 1999లో బాలానగరు పారిశ్రామికవాడలో కరెంటు పనికి పోయినచోట ఒక యంత్రం కదలిక కంటబడినది. తనకు చిక్కని కిటుకు అక్కడ దొరికినది. ఆ యేడే ఆసుయంత్రం పూర్తి అయినది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది; అంతకంటె ముఖ్యం, చేయి ఆడవలసిన పని తప్పినది. యంత్రానికి తల్లి పేరు పెట్టినాడు: లక్ష్మీ ఆసుయంత్రం. పేటెంటు చేతికి వచ్చినది 2011లో. 2017లో పద్మశ్రీ. 2019లో ఆయన జీవితం సినిమా కూడ అయినది.

చాలమంది చదివేది 1999 దగ్గర ఆగి, 2017 దగ్గర మొదలవుతుంది. నడుమ వున్న 12 సంవత్సరాలను పిల్లలకు ఎవరూ చెప్పరు. యంత్రం పుట్టిన తరువాత దానికి పేటెంటు వచ్చేవరకు గడచిన కాలమది. సామాన్యుల ఆవిష్కారాలను వెదకి పట్టుకొనే జాతీయ ఆవిష్కరణల సంస్థ అహమ్మదాబాదులో 2000లో ఏర్పడినది. హైదరాబాదులో విశ్రాంత బ్రిగేడియరు పి. గణేశంగారు 2005లో స్థాపించిన పల్లెసృజన కూడ అటువంటి పనే చేస్తున్నది. ఊరూరూ కాలినడకన తిరిగి ఇటువంటి బుద్ధిశాలులను పట్టుకొంటుంది. ఇటువంటివారు చేసే పనిలో పెద్దభాగం ఏమిటి? మెకానిక్కు చెప్పినదానిని విని, అర్థం చేసుకొని, కార్యాలయం ఒప్పుకొనే భాషలో పెట్టించడం. ఒక్క మాటలో, అనువాదం. అటువంటి చేయి అందినవాడు అదృష్టవంతుడు. అందనివాడు మాదన్నపేట సందులోనే వుంటాడు.

ఇక్కడ తెలుగు చదువుకొన్నవారు సిగ్గుపడవలసిన సంగతి ఒకటి వున్నది. ఆసు అనే మాట పోచంపల్లిలో పుట్టినది కాదు. తెలుగు నేతపనివారి సామాన్యపదం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా తిరిగించి పని మాటలను ఏరించినారు. మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికి, 1962లో వెలువడినది. రెండవది చేనేతకు, 1971లో. మగ్గంలోని ప్రతి పుల్లకూ, ప్రతి ముడికీ, జిల్లా జిల్లాకూ మారే పేరుతోసహా లెక్క ఎత్తిన గ్రంథాలవి. భారతీయభాషలలో ఆ తరహా పనికి దారి తీసినది తెలుగే. అంటే మల్లేశం యంత్రం పుట్టడానికి 28 యేండ్ల ముందే దానిని వర్ణించడానికి కావలసిన పదజాలం అకారాదిక్రమంలో అచ్చై, గ్రంథాలయాలలో దుమ్ము తింటున్నది. పడుగు, పేక, కండె, అచ్చు, రాట్నం, ఆసు. భాషకు లోటు లేదు. భాషను పనికి పెట్టుకొనేచోటు లేదు.

చోటు లేదనడం అలంకారం కాదు. 2003నాటి పేటెంట్ల నియమావళి తొమ్మిదవ నియమం ప్రకారం వివరణపత్రాలు హిందీలోగాని, ఆంగ్లంలోగాని వుండాలి. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నైలోని కార్యాలయం. అక్కడ తమిళానికీ ఇదే గతి. వ్యక్తులకు దరఖాస్తు రుసుము ఆన్‌లైనులో 1600 రూపాయలే. ఇది పేదవానికి భరించరానిది కాదు, ప్రభుత్వం ఆ మేరకు దయ చూపిన మాట నిజం. కాని ఆంగ్లంలో వివరణ వ్రాసిపెట్టే ఏజెంటుకు ఇచ్చుకోవలసినది దానికి ఎన్నో రెట్లు. అంతకంటె పెద్ద ఖర్చు మరొకటి వున్నది. తన వస్తువు మీద వ్రాసిన వాక్యాన్ని తాను చదివి, ఇది తప్పు, నేను చేసినది ఇది కాదు అని చెప్పగల శక్తి మెకానిక్కుకు పోతుంది. పొలం తనది, గట్లు ఎక్కడ వేసినారో తనకు తెలియదు.

దీనికి రెండు ఆక్షేపణలు వినవస్తాయి. మొదటిది, ప్రపంచమంతటా పాత పేటెంట్లతో పోల్చి చూడాలి గనుక ఆంగ్లం తప్పదనేది. పోల్చిచూడడానికి ఏదో ఒక ఉమ్మడి భాష కావాలనడం సబబే. దరఖాస్తు స్వీకరించడానికి కావాలనడం సబబు కాదు. ఐరోపా పేటెంటు కార్యాలయం పనిచేసే భాషలు ఆంగ్లం, ఫ్రెంచి, జర్మను. అయినా దరఖాస్తును ఏ భాషలోనైనా పెట్టవచ్చును, తేదీ పడిపోతుంది, అనువాదం రెండునెలలలో ఇచ్చుకోవచ్చును. అమెరికాలో సైతం పరభాషలో పెట్టి, అనువాదం తరువాత ఇవ్వవచ్చును. పేటెంటు విషయంలో తేదీయే ప్రాణం; ఒక్కరోజు ముందువెనుకలలో హక్కు మారిపోతుంది. ఇంగ్లీషువాని సొంత గడ్డమీద జపానువానికి దొరికే సౌకర్యం, తెలుగువానికి చెన్నైలో దొరకదు. అంతర్జాతీయ దరఖాస్తులను ప్రకటించే పది భాషలలో కొరియనుకు చోటు వున్నది. కొరియావారి సంఖ్య సుమారు ఎనిమిది కోట్లు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు ఎనిమిది కోట్ల పదకొండు లక్షలు. తేడా జనసంఖ్యలో లేదు.

రెండవ ఆక్షేపణ, దేశభాషలకు యంత్రశాస్త్రం పట్టదనేది. ఈ మాట మరెక్కడ అన్నా సరేగాని హైదరాబాదులో అనరాదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్నీ ఇంజనీరింగునూ ఉర్దూలో బోధించినది. దానికి ఒక యేడు ముందే అనువాదశాల ఏర్పరచి, పండితులను కూర్చోబెట్టి, పరిభాష కల్పించి, గ్రంథాలు అచ్చువేసినారు. ఆ ప్రయోగం దేశభాషలలో తెలుగుకు అన్యాయం చేసినదనే విమర్శ వేరు, అది న్యాయమైనదే; భాషకు శక్తి లేదన్న మాటను మాత్రం అది శాశ్వతంగా కొట్టివేసినది. అంతకు ముందు 1906లో ఇదే నగరంలో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రగ్రంథాలు తెలుగులో వెలువరించినారు. చేసి చూపినదానిని చేయలేమనడం వింత. పాతబస్తీ మెకానిక్కులలో చాలమందికి ఇంటిభాష ఉర్దూ కనుక, ఆ భాషకు కూడ ఈ సౌకర్యం రావలసిందే. ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకూ రావలసిందే.

అసలు పేటెంటే పేదవానికి మేలా, అది గుత్తవ్యాపారం కాదా అని అడిగేవారూ వున్నారు. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1929లో అఖిలభారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమానం ప్రకటించినది. రాట్నం ఖరీదు 150 రూపాయలు మించరాదన్నది. కావాలంటే కనుగొన్నవాడు పేటెంటు తీసుకోవచ్చును, బహుమానం కావాలంటే మాత్రం ఆ హక్కు సంఘానికి వదలుకోవాలన్నది. గాంధీగారి దృష్టి ఇందులో తెలుస్తూనే వున్నది: కనుగొన్నవానికి ప్రతిఫలం, వస్తువు ప్రజలకు. కాని ఈ మార్గంలో కూడ ముందు అది వానిదని తేలాలి. తనది కానిదానిని ఎవరు దానం చేయగలరు? పేటెంటు లేని మెకానిక్కు వస్తువు ప్రజలకు చేరదు. దానిని ఎత్తుకొనిపోయిన వ్యాపారికి చేరుతుంది.

కార్యాలయాన్ని మాత్రమే తప్పుపట్టి తెలుగు ఉపాధ్యాయులు చేతులు దులుపుకోలేరు. రేపే తొమ్మిదవ నియమం సవరించి తెలుగును ఒప్పుకొన్నారనుకోండి. పదవతరగతి ముగించిన విద్యార్థి ఎంతమంది ఒక వస్తువును చూడనివానికి అర్థమయ్యేటట్లు వ్రాయగలరు? వసంతఋతువును వర్ణించమంటే కోయిలలు, మావిచిగుళ్ళు వరుసగా వస్తాయి. వంటింటి కత్తిపీటను వర్ణించమంటే కలం ఆగిపోతుంది. పీట ఎంత, బద్ద ఏ వైపు వంగినది, పదును లోపలివైపా, వెలుపలివైపా, మనిషి కాలు దేనిని అదిమిపట్టుకొన్నందువల్ల అది కదలక వుంటుంది, కూరను కత్తిమీదికి నడిపించే పని ఏ చేతిది. ఈ సంగతులు వరుసతప్పక, ఒకదానికొకటి అడ్డుపడక, విశేషణాల బరువు లేక ఒక పుటలో వ్రాయించడం వారానికి ఒక గంట పని. ఒకరు వ్రాసినదాన్ని మరొకరిచేత చదివించి, బొమ్మ గీయించాలి. బొమ్మ తప్పితే తప్పు గీసినవానిది కాదు, వ్రాసినవానిది. వ్యాకరణం ఇంతకంటె బాగా పట్టుబడే మార్గం లేదు. "చేత", "తో", "వలన" అనే విభక్తులకు ఎంత తేడా వున్నదో అక్కడ తెలిసివస్తుంది.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు చెప్పవలసిన జాగ్రత్త మరొకటి. ప్రతియేడు పాఠశాలల్లో వైజ్ఞానిక ప్రదర్శనలు జరుగుతాయి. ఆరవ తరగతినుంచి విద్యార్థుల ఆలోచనలను కేంద్రప్రభుత్వం ఇన్‌స్పైర్ మానక్ పథకం క్రింద కోరి, ఎంపికైనవారికి నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం 2019లో ఇంటింటా ఇన్నోవేటరు అనే కార్యక్రమం ప్రారంభించినది. అన్నీ మెచ్చదగినవే. కాని చట్టం ఎదుట కొత్తదనం బహు సుకుమారమైనది. దరఖాస్తు పెట్టకముందే పదిమందిలో ప్రదర్శించి, దాని లోగుట్టు విప్పి చెప్పి, పత్రికలో అచ్చువేయిస్తే ఆ వస్తువు కొత్తది కాదని, చేసినవాని దరఖాస్తునే త్రోసిపుచ్చవచ్చును. ప్రభుత్వం ప్రత్యేకంగా గెజెటులో ప్రకటించిన ప్రదర్శనకు మాత్రం 12 నెలల మినహాయింపు వున్నది. బడి ఆవరణలో జరిగే ప్రదర్శనకు అది వర్తించదు. దీనికి విరుగుడు చట్టంలోనే వున్నది. ముందుగా తాత్కాలిక వివరణపత్రం పెట్టి తేదీ సంపాదించుకొని, సంపూర్ణమైనదానిని 12 నెలలలో ఇవ్వవచ్చును. తాత్కాలిక పత్రానికి హక్కువాక్యాలు అక్కరలేదు. వస్తువేమిటో స్పష్టంగా చెప్పిన నాలుగు పుటలు చాలు. బహుమతి పంచిపెట్టే సభకు ముందు ఆ నాలుగు పుటలు వ్రాయించే బాధ్యత బడిదే. వ్రాయగలవాడు తెలుగు ఉపాధ్యాయుడు, చెప్పగలవాడు విజ్ఞాన ఉపాధ్యాయుడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చొనే అవకాశం పాఠశాలలో తప్ప మరెక్కడా లేదు.

కోరవలసిన సవరణ కూడ పెద్దదేమీ కాదు. శాసనసభలూ, పార్లమెంటూ కదలనక్కరలేదు. నియమావళిలో ఒక్క వాక్యం: రాజ్యాంగం గుర్తించిన ఏ భాషలోనైనా తాత్కాలిక వివరణపత్రం స్వీకరించి ఆనాటి తేదీ వేయాలి, సంపూర్ణపత్రంతోపాటు హిందీలోగాని, ఆంగ్లంలోగాని అనువాదం తీసుకోవాలి, వ్యక్తులు, విద్యార్థులు పెట్టిన వాటికి ఆ అనువాదపు ఖర్చు కార్యాలయం భరించాలి. పేటెంటు కార్యాలయపు పత్రిక శుక్రవారం శుక్రవారం వెలువడుతుంది. అందులో తెలుగు దరఖాస్తుల సారాంశం తెలుగులో కూడ ఒక పేరా పడితే, ప్రక్కపేట మెకానిక్కు దానిని చదివి, ఇది అప్పుడే మరొకరు చేసినారని తెలుసుకొని, తన ఆరునెలల శ్రమను వేరొకదానిమీద పెట్టుకొంటాడు.